కార్బురేటర్ మారుతి 800కు క్యామ్‌షాఫ్ట్ మార్చడం: కొలతల నుంచి రోడ్డు దాకా

ఏపీ 36 నంబరు మారుతి 800లు హనుమకొండ, కాజీపేట గల్లీల్లో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అది కార్బురేటర్ బండి అయితే పాతికేళ్ళు నిండినట్టే. అలాంటి బండిని ప్రాణంగా చూసుకునే కుర్రాళ్ళు అడిగేది దాదాపు ఒకటే మాట: "అన్నా, పికప్ పెరగాలె, మైలేజ్ పడిపోవద్దు. క్యామ్ మారిస్తే అయితదా?"

అయితది. కానీ క్యామ్ అంటే వాల్వులను తెరిచి మూసే షాఫ్టు, అది కొత్తగా బలం పుట్టించదు, ఉన్న బలాన్ని ఒక ఆర్‌పీఎం నుంచి ఇంకో ఆర్‌పీఎంకు జరుపుతుంది. ఎటు జరపాలో ముందే తేల్చుకొని, దాన్ని డిగ్రీల్లో, మిల్లీమీటర్లలో కొలిచి బిగిస్తేనే ఫలితం ఉంటుంది. ఈ పనిలో పానాతో చేసేది సగం కూడా ఉండదు, మిగతాదంతా డయల్ గేజుతోనూ కాగితం మీదా జరుగుతుంది.

చిన్న లెక్క చూడండి. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకొని ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 5500 దగ్గర 50 న్యూటన్ మీటర్లుంటే 38.6 హార్స్‌పవర్. అదే 50ని 6000 దాకా నిలబెట్టగలిగితే 42.1. టార్క్ పిసరంత పెరగలేదు, పై ఆర్‌పీఎంలో పడిపోకుండా ఆగింది, అంతే. క్యామ్ ఇచ్చే లాభం ఇదే. దీనికి బదులుగా 2000 దగ్గర కొంత టార్క్ పోతుంది. ఆ పోయేదాన్ని మీ రోజువారీ తిరుగుడు భరించగలదా అన్నదే అసలు ప్రశ్న.

ఇంజిన్ సంగతి

దీని పేరు ఎఫ్8బి. మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ. అల్యూమినియం హెడ్డు మీద ఒకటే క్యామ్, దాన్ని టైమింగ్ బెల్ట్ తిప్పుతుంది. సిలిండర్‌కు రెండేసి చొప్పున ఆరు వాల్వులు, వాటి మీద క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్లు, వాటి మధ్య గ్యాప్ సర్దే ట్యాపెట్ స్క్రూలు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేదీ ఈ క్యామే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, దీంతో ముందుముందు పని పడుతుంది.

స్ట్రోకు 72 మి.మీ.లే కాబట్టి 6000 ఆర్‌పీఎంలో కూడా పిస్టన్ సగటు వేగం సెకనుకు 14.4 మీటర్లే. అంటే అడుగు భాగం 6000ను హాయిగా తట్టుకుంటుంది. ఊపిరి అందనిది హెడ్డుకే.

క్యామ్ కార్డు చదవడం నేర్చుకోండి

క్యామ్‌తో పాటు ఒక కార్డు ఇవ్వాలి. కార్డు లేని క్యామ్‌ను డబ్బులిచ్చి కొనకండి. అందులో నాలుగు సంగతులు ఉంటాయి. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందన్నది లిఫ్ట్. క్రాంకు ఎన్ని డిగ్రీలు తిరిగేంతసేపు తెరుచుకొని ఉంటుందన్నది డ్యూరేషన్. లోబు అంటే క్యామ్ మీద వాల్వును తోసే ఉబ్బు; ఇన్‌టేక్ లోబు, ఎగ్జాస్ట్ లోబు శిఖరాల మధ్య క్యామ్ డిగ్రీల్లో దూరం లోబ్ సెపరేషన్. ఇన్‌టేక్ శిఖరం టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) తర్వాత ఎన్ని డిగ్రీలకు వస్తుందన్నది సెంటర్‌లైన్. చివర ట్యాపెట్ గ్యాప్ కూడా రాసి ఉంటుంది.

డ్యూరేషన్ 256, సెంటర్‌లైన్ 108 అనుకుందాం. 256లో సగం 128. అందులోంచి 108 తీసేస్తే 20, అంటే ఇన్‌టేక్ వాల్వు టీడీసీకి 20 డిగ్రీల ముందే తెరుచుకుంటుంది. 128కి 108 కలిపి 180 తీసేస్తే 56, అంటే పిస్టన్ కిందికి పోయి మళ్ళీ పైకి వస్తూ 56 డిగ్రీలు దాటాక మూసుకుంటుంది. నా దృష్టిలో కార్డు మొత్తంలో ఈ 56కు ఉన్నంత విలువ దేనికీ లేదు. పిస్టన్ పైకి వస్తున్నా వాల్వు తెరిచే ఉంటే, తక్కువ ఆర్‌పీఎంలో పీల్చిన గాలిలో కొంత మళ్ళీ మానిఫోల్డ్‌లోకి పోతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో గాలికి వేగం ఉంటుంది కాబట్టి ఆ ఊపులోనే ఇంకా లోపలికి దూరుతుంది. పెద్ద క్యామ్ కింద చచ్చుగా, పైన చురుగ్గా ఉండటానికి కారణం ఇదే.

డ్యూరేషన్ రెండు వాల్వులకూ సమానమైతే, అందులోంచి లోబ్ సెపరేషన్‌కు రెట్టింపు తీసేస్తే ఓవర్‌ల్యాప్, అంటే రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు వస్తాయి. సెపరేషన్ 110 అనుకుంటే 256లోంచి 220 తీసేస్తే 36 డిగ్రీలు. ఓవర్‌ల్యాప్ పెరిగేకొద్దీ ఐడ్లింగ్ తడబడుతుంది, మానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోతుంది. బూస్టర్ ఉన్న బండిలో బ్రేకు పెడల్ గట్టిపడేది కూడా ఆ వాక్యూమ్ తగ్గినందుకే.

మన రోడ్డుకు ఏ క్యామ్

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. పొద్దున కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా రెండో గేరులో నెట్టుకొచ్చి, ఆదివారం జాతీయ రహదారి 163 మీద జనగామ వైపో ములుగు వైపో పోయే బండికి డ్యూరేషన్ కొద్దిగా పెంచి, లిఫ్ట్ కాస్త ఎక్కువ పెంచిన మెత్తటి క్యామే సరి. పైన చెప్పిన 256 లాంటిదే నేను దాటకూడదనుకునే హద్దు. మేడారం జాతరప్పుడు తాడ్వాయి దారిలో నలుగురిని ఎక్కించుకొని గంటల తరబడి ఫస్టు గేరులో పాకిన బండిని గుర్తుచేసుకోండి. 280 డిగ్రీల క్యామ్ వేసి ఉంటే క్లచ్ ప్లేటు ఆ రోజే పోయేది. అలాంటి క్యామ్‌కు కంప్రెషన్, గేరు నిష్పత్తి, ఎగ్జాస్ట్ అన్నీ మార్చాలి. అది రేసు బండి లెక్క, ఊళ్ళో తిరిగే బండిది కాదు.

విప్పే ముందు

అలసిపోయిన ఇంజిన్‌కు క్యామ్ మారిస్తే డబ్బు దండగ. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూడండి. మూడు సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ దాటితే ముందు వాల్వు ల్యాపింగో రింగులో చేయించాలి. స్ట్రోబ్ లైటుతో ఇగ్నిషన్ టైమింగ్, వాక్యూమ్ గేజుతో ఐడ్లింగ్ రీడింగ్ రాసుకోండి. తర్వాత తెల్లవారుజామున ఖాళీగా, చదునుగా ఉండే రోడ్డు ముక్క ఒకటి ఎంచుకొని, మూడో గేరులో 30 నుంచి 70 దాకా ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన కూర్చున్నవాళ్ళతో స్టాప్‌వాచ్ పట్టించండి. రెండు వైపులా మూడేసి సార్లు. ఈ అంకె లేకపోతే పని అయ్యాక "బాగ పోతున్నదన్నా" అన్న మాటే మిగులుతుంది, సైలెన్సర్ చప్పుడు మారినా ఆ మాట వస్తుంది.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్ట్ కవర్ తీసి, క్రాంకు తిరిగే దిక్కులోనే తిప్పుతూ మార్కులు కలపండి. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటర్ ఏ సిలిండర్ వైపు చూస్తున్నదో గీత గీసి ఫొటో తీసుకోండి. టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీయండి. పాత బెల్ట్ మళ్ళీ వేయొద్దు, టెన్షనర్ బేరింగ్ గరగరమంటే అదీ మార్చండి.

ట్యాపెట్ లాక్‌నట్లు వదులు చేసి స్క్రూలన్నీ పూర్తిగా వెనక్కి తిప్పితేనే రాకర్లు స్వేచ్ఛగా కదులుతాయి. అప్పుడు రాకర్ షాఫ్టులు లాగాలి. ఏ రాకర్ ఎక్కడిదో అక్కడికే పోవాలి కాబట్టి అట్టముక్కకు ఆరు రంధ్రాలు పెట్టి నంబర్లు వేసి గుచ్చండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ షాఫ్టులు కలిసిపోకూడదు. హెడ్డు దించకుండా కూడా క్యామ్ తీయొచ్చు గానీ, మొదటిసారి చేసేవాళ్ళు హెడ్డు దించే చేయండి. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ చూసే మట్టి పరీక్షకు ఎలాగూ దించక తప్పదు.

రీగ్రైండ్ క్యామ్‌ను నమ్మొద్దు, కొలవండి

ఈ ఇంజిన్‌కు దొరికేవి ఎక్కువగా పాత క్యామ్‌నే మళ్ళీ గ్రైండ్ చేసినవి. లోబు పైన ఇనుము కలపరు, కింద బేస్ సర్కిల్‌ను, అంటే లోబు గుండ్రటి అడుగును అరగదీస్తారు. దాంతో శిఖరానికీ అడుగుకూ తేడా పెరిగి లిఫ్ట్ పెరుగుతుంది. దీనివల్ల రెండు చిక్కులు. రాకర్ కిందికి వాలుతుంది కాబట్టి ట్యాపెట్ స్క్రూ ఇంకా లోపలికి దిగాలి. లాక్‌నట్ పైన కనీసం రెండు మరలు మిగిలి ఉన్నాయో లేదో చూడండి. రెండోది, లోబు పై పొర మాత్రమే గట్టిది. మరీ లోతుగా అరగదీస్తే మెత్తటి ఇనుము బయటపడి కొన్ని వేల కిలోమీటర్లకే లోబు గుండ్రమైపోతుంది. గ్రైండ్ చేశాక నల్లటి ఫాస్ఫేట్ పూత వేసి ఇచ్చారా అని అడగండి, ఆ పూత నూనెను పట్టి ఉంచుతుంది.

నేను మొదటిసారి వేసిన క్యామ్ దూరపు ఊరి షాపు నుంచి తెప్పించింది. చూడ్డానికి అద్దంలా ఉంది, కొలవకుండా బిగించాను. ఐడ్లింగ్‌లో మిస్సింగ్. నాలుగు రోజులు కార్బురేటర్ విప్పి కడిగాను, ప్లగ్గులు, వైర్లు మార్చాను. చివరికి క్యామ్ బయటికి తీసి రెండు వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజు ఆనిస్తే, రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ లోబు మిగతా రెండు ఎగ్జాస్ట్ లోబుల కంటే 0.3 మి.మీ. తక్కువ. అప్పటి నుంచి ఆరు లోబులూ కొలవకుండా ఏ క్యామూ హెడ్డులో పెట్టలేదు. మూడు ఇన్‌టేకులు ఒకదానికొకటి 0.05 మి.మీ. లోపు ఉండాలి, మూడు ఎగ్జాస్టులూ అంతే. ఒకే రకం లోబుల శిఖరాలు 120 డిగ్రీల ఎడంలో ఉన్నాయో లేదో కూడా చూడండి. తిరిగేటప్పుడు నడిమి జర్నల్ దగ్గర ముల్లు ఊగితే షాఫ్టు వంగినట్టు.

రాకర్ ముఖాలను వెలుతురులో వాలుగా పట్టి చూడండి. పాత క్యామ్ తోడిన పల్లం గోటికి తగిలితే ఆ రాకర్ పనికిరాదు. పల్లం పడ్డ రాకర్‌ను కొత్త లోబు మీద వేస్తే రెండూ పోతాయి.

స్ప్రింగు, పిస్టన్: రెండు ఖాళీలు

వాల్వు లిఫ్ట్ అంటే లోబు లిఫ్ట్‌ను రాకర్ నిష్పత్తితో గుణించి ట్యాపెట్ గ్యాప్ తీసేసిన అంకె. లెక్క కోసం లోబు 6 మి.మీ., నిష్పత్తి 1.4, గ్యాప్ 0.15 అనుకుంటే 8.25 వస్తుంది. ఇప్పుడు స్ప్రింగు బిగించిన ఎత్తులోంచి ఈ లిఫ్ట్ తీసేయండి. మిగిలిన ఎత్తు, చుట్లు ఒకదానికొకటి ఆనేంతగా నొక్కినప్పటి ఎత్తు కంటే కనీసం 1 మి.మీ. ఎక్కువుండాలి. లేత్ షాపులో బెంచి వైసులో నొక్కి వెర్నియర్‌తో కొలిస్తే చాలు. రిటైనర్ అడుగుకూ వాల్వు సీలుకూ మధ్య 1.5 మి.మీ. ఖాళీ చూసుకోండి.

తర్వాత మట్టి పరీక్ష. పిల్లలు ఆడుకునే మెత్తటి రంగు మట్టి దొరుకుతుంది, అదే కావాలి. మొదటి పిస్టన్ మీద వాల్వులు వచ్చే చోట రెండు ముద్దలు అద్దండి. వాల్వు ముఖాలకు కాస్త నూనె రాయండి, లేకపోతే మట్టి పైకి అంటుకుపోతుంది. పాత హెడ్ గ్యాస్కెట్‌తోనే హెడ్డు బిగించి, బెల్ట్ వేసి, ట్యాపెట్లు సెట్ చేసి, క్రాంకును పానాతో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడన్నా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. హెడ్డు తీశాక మట్టి మీద వాల్వు అంచు నెలవంకలా దిగి ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నింటికంటే పలచని చోట మందం కొలవండి. ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. తగ్గకుండా ఉండాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు వేడికి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని వెంట తరుముతున్నట్టుగా పైకి వస్తుంది.

హెడ్డు ఫేసింగ్ (అడుగు ముఖాన్ని పలచగా చెక్కడం) చేయిస్తే ఈ ఖాళీ ఇంకా తగ్గుతుంది. సిలిండర్‌కు 265 సీసీ, కంప్రెషన్ 8.7 అనుకుంటే చాంబర్ ఖాళీ సుమారు 34.5 సీసీ. అర మిల్లీమీటర్ తీస్తే మహా అయితే 1.8 సీసీ తగ్గి నిష్పత్తి 9.1 దాకా వస్తుంది. ఆలస్యంగా మూసుకునే క్యామ్‌కు ఇది మంచిదే. అయితే హెడ్డు కిందికి దిగితే క్యామ్ కూడా క్రాంకుకు దగ్గరై టైమింగ్ కొంచెం రిటార్డ్ (ఆలస్యం) అవుతుంది. అందుకే ఫేసింగ్ అయ్యాకే డిగ్రీ కొలవాలి.

డిగ్రీ చక్రం

నా లెక్కలో పని మొత్తానికీ గుండెకాయ ఇదే. క్రాంకు పుల్లీకి 360 డిగ్రీల చక్రం బిగించండి. మంచి కాగితం మీద ప్రింటు తీసి అల్యూమినియం రేకుకు అతికించినా సరిపోతుంది. గట్టి తీగను ముల్లుగా పెట్టండి.

టీడీసీని కంటితో చూసి పెట్టొద్దు, ఎందుకంటే అక్కడ క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే అనిపించదు. పాత ప్లగ్గు గుల్లలో బోల్టు బిగించి పిస్టన్ స్టాప్ చేసుకొని ప్లగ్గు రంధ్రంలో బిగించండి. క్రాంకును ఒక వైపు మెల్లగా తిప్పితే పిస్టన్ బోల్టుకు ఆగుతుంది, అంకె రాసుకోండి. రెండో వైపు తిప్పి ఇంకో అంకె. రెండింటి నడిమి చోటు అసలు టీడీసీ. అక్కడ చక్రాన్ని సున్నాకు జరిపి, స్టాప్ తీసేయండి.

ఇప్పుడు డయల్ గేజును మొదటి సిలిండర్ ఇన్‌టేక్ రిటైనర్ మీద నిలువుగా ఆనించి, వాల్వు పూర్తిగా తెరుచుకున్న చోట సున్నా చేయండి. శిఖరానికి ముందు 1 మి.మీ. తక్కువున్న చోట చక్రం మీద అంకె చూడండి, శిఖరం దాటాక మళ్ళీ 1 మి.మీ. తగ్గిన చోట చూడండి. 68, 148 వచ్చాయనుకుంటే నడిమిది 108. కార్డులో ఉన్నది అదే అయితే క్యామ్ సరిగ్గా కూర్చున్నట్టు. 112 వస్తే 4 డిగ్రీలు రిటార్డ్‌లో ఉంది. క్రాంకును ఎప్పుడూ తిరిగే దిక్కులోనే తెస్తూ చదవండి, వెనక్కి తిప్పితే బెల్ట్ వదులు వల్ల అంకె మారుతుంది.

బెల్ట్‌ను ఒక పన్ను జరిపి సరిచేద్దామని చాలామంది చూస్తారు. 720ని క్యామ్ పుల్లీ పళ్ళ సంఖ్యతో భాగించండి. 36 పళ్ళుంటే ఒక్క పన్నుకు 20 క్రాంకు డిగ్రీలు. 4 డిగ్రీల తేడాకు 20 డిగ్రీల మందు వేయలేం కదా. దీనికి జరిపే పుల్లీ గానీ, లేత్‌లో చేయించిన ఆఫ్‌సెట్ కీ గానీ కావాలి. మన తిరుగుడుకు కార్డు కంటే 2 డిగ్రీలు అడ్వాన్స్‌లో (ముందుగా) పెట్టడం నాకు ఇష్టం, రెండో గేరులో బండి బరువు తెలియకుండా లాగుతుంది. సర్దిన తర్వాత మట్టి పరీక్ష మళ్ళీ చేయండి, అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది.

బిగింపు, మొదటి స్టార్టు

లోబులకూ రాకర్ ముఖాలకూ మాలిబ్డినం పేస్టు దట్టంగా రాయండి, జర్నళ్ళకు ఇంజిన్ ఆయిల్ చాలు. హెడ్డు బోల్టులు మాన్యువల్ చెప్పిన వరసలో, మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే. ట్యాపెట్ గ్యాప్ కొత్త క్యామ్ కార్డు ప్రకారం పెట్టండి, పాత అలవాటు ప్రకారం కాదు. కార్డులో 0.15 మి.మీ. ఉంటే మెకానిక్ భాషలో 6 థౌ. ఫీలర్ గేజ్ రేకు కొత్త నోటును పుస్తకం మధ్యలోంచి లాగినట్టు రావాలి. ఒక్కో సిలిండర్‌ను దాని కంప్రెషన్ టీడీసీకి తెచ్చి సెట్ చేయాలి. ఒకటి అయ్యాక క్రాంకు 240 డిగ్రీలు తిప్పితే మూడోది, ఇంకో 240కి రెండోది వస్తుంది.

క్యామ్ కదిలింది కాబట్టి డిస్ట్రిబ్యూటర్ కూడా దాంతో పాటే కదిలింది. స్టార్టు కాగానే స్ట్రోబ్‌తో ఇగ్నిషన్ టైమింగ్ మొదట రాసుకున్న అంకెకు తెచ్చుకోండి.

మొదటి 20 నిమిషాలు ఐడ్లింగ్‌లో వదలొద్దు. తక్కువ ఆర్‌పీఎంలో లోబు మీద నూనె చిమ్మదు, స్ప్రింగు బరువు మాత్రం పూర్తిగా పడుతుంది. స్టార్టు కాగానే 2000 నుంచి 2500 మధ్య పెట్టి, కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ నడపండి. ఎండాకాలంలో అయితే ఈ పని తెల్లవారగానే పెట్టుకోండి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతున్నదా అని ఒకరు చూస్తూ ఉండాలి. జింకు ఎక్కువున్న మినరల్ 20డబ్ల్యూ-50 వాడండి. ఇరవై నిమిషాలయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.

కార్బురేటర్

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్లతో (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలతో) బండి ఇప్పటికే లీన్‌గా, అంటే గాలికి తగ్గ ఇంధనం లేకుండా నడుస్తున్నది. గాలి ఎక్కువ పీల్చే క్యామ్ వేస్తే పై ఆర్‌పీఎంలో ఇంకా లీన్ అయి పిస్టన్ వేడెక్కుతుంది. సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నంబరు వ్యాసాన్ని చెప్పే జెట్లలో 100 ఉన్న చోట 104 లేదా 105తో మొదలుపెట్టండి. జెట్టుకు డ్రిల్లు పెట్టొద్దు, లోపల గీత పడితే ఆ జెట్టు ఇంక ఏ నంబరుకూ చెందదు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బుతాయి, అవీ మార్చండి.

ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టుకోగలిగితే పూర్తి థ్రాటిల్‌లో ల్యాంబ్డా (గాలి సరిగ్గా సరిపోతే 1 చూపే అంకె) 0.87 దగ్గర ఉంచండి. ఐడ్లింగ్ 1000 దాకా పెంచాల్సి రావచ్చు. వాక్యూమ్ గేజు ముల్లు ముందుకంటే రెండు మూడు అంగుళాలు తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు, కానీ అది ఊగకుండా నిలబడాలి. రోడ్డెక్కే ముందు, నిలబెట్టిన చోటే బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడటం లేదని చూసుకోండి.

పొల్యూషన్ పరీక్ష సంగతి కూడా చూసుకోవాలి. భారత్ స్టేజ్ 2 ప్రమాణాలకు ముందటి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (కాలని హైడ్రోకార్బన్లు) 1500 పీపీఎం దాటొద్దు. ఓవర్‌ల్యాప్ వల్ల హెచ్‌సీ పెరుగుతుంది, మెత్తటి క్యామ్ అయితే మిక్చర్ స్క్రూతో లోపలికి తేవొచ్చు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఆర్టీఏ దగ్గర రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది కాబట్టి ఇది తప్పించుకునే పని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది, మీ మార్పు దాని కిందికి వస్తుందో లేదో ముందే ఆర్టీఏలో అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళకూ రాతపూర్వకంగా చెప్పండి.

500 కిలోమీటర్లు తిరిగాక, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద ట్యాపెట్లు మళ్ళీ చూడండి. ఆరింట్లో ఐదు పెట్టినట్టే ఉండి ఒక్కటే 0.1 మి.మీ. వదులైతే స్క్రూ తిప్పి మూత పెట్టేయకండి, ఆ లోబు అరుగుతున్నది. ఆరూ సరిగ్గా ఉంటే పొద్దున్నే అదే రోడ్డు ముక్కకు పోయి, మూడో గేరులో 30 నుంచి 70కి స్టాప్‌వాచ్ మళ్ళీ నొక్కించండి.